గర్భసంచి ముఖద్వారం పరీక్షంటే భయమా? తేదీ రాయించుకున్న దగ్గర నుంచి రిపోర్టు దాకా

“భయపడకు, ఏమీ అవ్వదు” అంటే ఎవరికీ భయం తగ్గదు. ఏం చేస్తారో, ఎంతసేపు చేస్తారో, ఎవరు చేస్తారో, రిపోర్టులో తేడా వస్తే తర్వాత ఏమిటో ఆ మాటలో ఒక్కటీ లేదు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పేరు రాసుకుని వెళ్లాక, లేదా గైనిక్ డాక్టరు “ఒకసారి పాప్ స్మియర్ చేయిద్దాం” అన్నాక, రోజు దగ్గరపడేకొద్దీ కడుపులో తిప్పుతుంది, నిద్ర పట్టదు. ఊడ్పులనో, పైడితల్లి పండగనో వంక దొరుకుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ముఖద్వారం క్యాన్సర్‌ని ముందే పట్టుకునే ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. అంటే అప్పనో వదిననో అడుగుదామన్నా తెలిసినవాళ్లు దొరకడం కష్టం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆడవాళ్ల కోసం ఆ వివరాలన్నీ ఇక్కడ వరసగా చెబుతున్నాం.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఇది ఏ బాధా లేనివాళ్లు ముందుజాగ్రత్తగా చేయించుకునే పరీక్ష గురించి. నెలసరి మధ్యలో రక్తం, కలయిక తర్వాత రక్తం, ముట్లుడిగాక మళ్లీ రక్తం, దుర్వాసనతో నీళ్లలాంటి మైల, ఇవేవైనా ఉంటే తేదీ కోసం, క్యాంపు కోసం చూడకుండా గైనిక్ ఓపీకి వెళ్లిపోండి.

మీ భయం ఏదో ముందు పట్టుకోండి

ఒక కాగితం మీద “ఆ గదిలో నాకు ఏం జరుగుతుందని భయం?” అని రాసి, కింద ఒక్క వాక్యం రాయండి. రాయడం రాకపోతే నమ్మకమైన మనిషికి చెప్పండి. మనం “భయం” అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, నొప్పి భయానికి చేయాల్సింది వేరు, సిగ్గుకి చేయాల్సింది వేరు.

నొప్పి అయితే సాధన, లోపల పెట్టి చూసే పరికరం సైజు, పడుకునే తీరు పనిచేస్తాయి. సిగ్గు అయితే ఎవరు చేస్తారన్నది ముందే తేల్చుకోవాలి. “ఊళ్లో తెలిసిపోద్ది, సూసినోలు ఏటనుకుంటారు” అన్నదైతే ఎక్కడ చేయించుకోవాలి, ఏ ఫోన్ నంబరు ఇవ్వాలి అన్నవి చూసుకోవాలి. ఫలితం గురించైతే, తేడా వస్తే ఏమవుతుందో ఇప్పుడే తెలుసుకుని వెళ్లడమే మందు. పురుడప్పుడు లేబర్ రూములో తిట్లు తిన్నవాళ్లకి, ఎప్పుడో బలవంతం ఎదురైనవాళ్లకి పరీక్ష బల్ల అదంతా గుర్తు చేస్తుంది. వాళ్ల గురించి కింద వేరుగా చెప్పాం.

ఇంకో భయం ఉంది. “పరీక్షకెళ్తే సంచి తీసేయమంటారు.” దీన్ని వట్టి అపోహ అని కొట్టిపారేయలేం. గర్భసంచి ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెల్లబట్ట అవుతోందనీ, “పుండు ఉంది, క్యాన్సర్ అవుద్ది” అనీ చెప్పి ఆపరేషన్ చేసినవాళ్లు ప్రతి ఊళ్లో కనబడతారు కాబట్టి ఆ భయానికి కారణం ఉంది. అయితే ఈ విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోండి. స్క్రీనింగ్ పరీక్ష ఒక్కదాన్ని పట్టుకుని ఎవరూ సంచి తీయకూడదు. క్యాన్సర్ రాకముందు కనబడే మార్పులకి ముఖద్వారం మీద ఆ భాగం వరకే చికిత్స చేస్తారు, సంచి అలాగే ఉంటుంది. తెల్లబట్టకి చాలాసార్లు మందులు చాలు. “పుండు” అని చెప్పేది తరచూ లోపలి పొర కొంచెం బయటికి కనిపించడమే, దానంతట అది జబ్బు కాదు. వెంటనే ఆపరేషన్ అంటే “బయాప్సీ రిపోర్టు ఉందా?” (అంటే చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూసిన రిపోర్టు) అని అడగండి. లేదంటే అక్కడ సంతకం పెట్టకుండా ఇంకో డాక్టరుకి చూపించండి.

“నాకు ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంక నాకెందుకు?” అని కూడా అంటారు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌లో ట్యూబులనే కట్టేస్తారు, ముఖద్వారం అక్కడే ఉంటుంది. పాతికేళ్లకే ఆ ఆపరేషన్ అయ్యి, తర్వాత గైనిక్ గడప తొక్కనివాళ్లకి ఈ పరీక్ష ఇంకా అవసరం.

మీకు చేసేది ఏ పరీక్షో అడగండి

ఒకటి వీఐఏ. ప్రభుత్వ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకి ఐదేళ్లకోసారి చేయాలన్నది ఇదే. ముఖద్వారానికి 3 నుంచి 5 శాతం ఎసిటిక్ యాసిడ్ అద్ది, ఒక్క నిమిషం ఆగి, తెల్లగా మారిన మచ్చలున్నాయా అని కంటితో చూస్తారు. యాసిడ్ అన్న పేరు వినగానే గుండె గుభేలుమంటుంది గానీ అది పచ్చళ్లలో పోసే వెనిగర్ పాటి ఘాటే. కొంచెం చురుక్కుమనొచ్చు. ఫలితం అక్కడికక్కడే చెబుతారు. ముట్లుడిగినవాళ్లకి చూడాల్సిన భాగం లోపలికి వెళ్లిపోతుంది కాబట్టి వీఐఏ సరిగ్గా పనిచేయదు. వాళ్లు పాప్ గానీ హెచ్‌పీవీ గానీ అడగాలి.

రెండోది పాప్ స్మియర్. చిన్న చెక్క గరిటెతో, మెత్తటి బ్రష్‌తో కణాలు తీసి ల్యాబ్‌కి పంపుతారు. మూడోది హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష. ముఖద్వారం క్యాన్సర్‌కి దాదాపు ఎప్పుడూ కారణమయ్యే వైరస్‌ని ఇది పట్టుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట ఇదే చేయమంటోంది, 30 ఏళ్ల నుంచి, 5-10 ఏళ్లకోసారి. దీని నమూనా మీరే తీసి ఇవ్వొచ్చు. తెర వెనక, పరికరం లేకుండా, మెత్తటి పుల్లని మెల్లగా లోపలికి పెట్టి, కిట్ మీద రాసినన్ని సెకన్లు తిప్పి తీసేయడమే. పరికరం పేరు చెబితేనే వణుకు పుట్టేవాళ్లకి ఇంతకంటే మంచి దారి లేదు. అన్నిచోట్లా ఉండదు కాబట్టి “నమూనా నేనే తీసుకునే హెచ్‌పీవీ కిట్ ఉందా?” అని ముందే ఫోన్ చేసి అడగండి.

రోజు, చోటు, ఫోన్ నంబరు

నెలసరి మొదలైన రోజుని 1 అనుకుంటే 10 నుంచి 20 మధ్య రోజులు మంచివి. పరీక్షకి ముందు 48 గంటలు కలయిక వద్దు, లోపల పెట్టుకునే మాత్రలు, క్రీములు వద్దు. లోపల సబ్బుతో, డెటాల్‌తో కడగొద్దు. “శుభ్రంగా వెళ్దాం” అని చాలామంది చేసే పని ఇదే. దీనివల్ల పరీక్షకి కావాల్సిన కణాలు పోతాయి, చర్మం మండుతుంది, అప్పుడు పరికరం ఇంకా నొప్పి పెడుతుంది. బయట మామూలు నీళ్లు చాలు. వెంట్రుకలు తీయనక్కర్లేదు. ముందురోజు గీయించుకుంటే పడే గాట్లే ఎక్కువ బాధపెడతాయి.

ఊళ్లో హెల్త్ క్లినిక్, పీహెచ్‌సీ దగ్గరవుతాయి, కానీ అక్కడ చేసేవాళ్లు తెలిసినవాళ్లు కావొచ్చు. కొందరికి అది ధైర్యం, కొందరికి అదే అడ్డు. అడ్డయితే మొహమాటపడకుండా చోటు మార్చుకోండి. నరసన్నపేట, ఆమదాలవలస వైపు వాళ్లు శ్రీకాకుళంలో అందరూ ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే పెద్దాసుపత్రికి, గజపతినగరం, చీపురుపల్లి వైపు వాళ్లు విజయనగరం ఘోషాసుపత్రికి వెళ్లొచ్చు. పెద్దాసుపత్రిలో జనం ఎక్కువ, కానీ మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఉండరు. పలాస జీడి పనికి వెళ్లేవాళ్లు ఓపీ రద్దీ తక్కువగా ఉండే రోజు ఏదో ఆశా కార్యకర్తని అడిగి వెళ్తే ఒక్కపూట కూలితో సరిపోవచ్చు.

ఫోన్ నంబరు దగ్గర చాలామంది తప్పుతారు. ఇంట్లో ఫోన్ భర్తదో కొడుకుదో అవుతుంది, ఓపీ చీటీలో ఆ నంబరే రాయిస్తారు, రిపోర్టు కబురు మీకంటే ముందు వాళ్లకి చేరుతుంది. మీకు అది ఇష్టం లేకపోతే మీ నంబరు, అది లేకపోతే మీరు నమ్మే మనిషి నంబరు రాయించండి. లేదా “ఫోన్ చేయొద్దు, ఫలానా రోజు నేనే వస్తాను” అని చెప్పి తేదీ రాయించుకోండి.

ముందే అడగాల్సినవి ఈ మాటల్లో అడగొచ్చు: “మేడమ్, లేడీ డాక్టరు గానీ సిస్టర్ గానీ చేస్తారా? నాతో ఒకరిని లోపలికి రానిస్తారా? నాకు భయం ఎక్కువ, తొందర లేని టైము ఏదైనా ఉందా?” చేసేది మగ డాక్టరైతే గదిలో ఇంకో ఆడమనిషి ఉండాలని అడగడం మీ హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనే ఆ మాట ఉంది.

వారం ముందు నుంచి సాధన

భయపడినప్పుడు మనం ఊపిరి బిగబడతాం, తొడలు దగ్గరికి లాగుతాం. దాంతో యోని చుట్టూ ఉన్న కండరాలు కూడా బిగుసుకుంటాయి. పరికరం వల్ల వచ్చే నొప్పిలో చాలా భాగం ఆ బిగువు వల్లే. “వదులుగా ఉండమ్మా” అని ఆ నిమిషంలో ఎవరో అరిస్తే కండరం వదలదు, ముందు నుంచి అలవాటు చేయాలి.

పొద్దున ఐదు నిమిషాలు, రాత్రి ఐదు నిమిషాలు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు ముడిచి, ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చండి, చెయ్యి పైకి లేవాలి. నోటితో ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఛాతీ మాత్రమే లేస్తుంటే గాలి పైపైనే ఆడుతోందని అర్థం. కళ్లు తిరిగినట్టుంటే మరీ లోతుగా పీలుస్తున్నారు, కొంచెం తగ్గించండి.

మూడో రోజు నుంచి ఇంకొకటి కలపండి. మూత్రం ఆపుకున్నట్టు కండరాన్ని మూడు సెకన్లు బిగించి, పది సెకన్లు పూర్తిగా వదిలేయండి. పదిసార్లు. బిగించడం అందరికీ వచ్చు. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఆ పది సెకన్ల వదలడం. ఐదో రోజు నుంచి అదే భంగిమలో మోకాళ్లు రెండు వైపులా వదిలేసి, ఒంటి మీద దుప్పటి కప్పుకుని ఊపిరి సాధన చేయండి.

రక్తం, సూది చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లకి మాత్రం వేరే పద్ధతి. చేతులు, కాళ్లు 10-15 సెకన్లు, మొహం వెచ్చబడేదాకా గట్టిగా బిగించి, 20-30 సెకన్లు వదలాలి. ఐదుసార్లు. దీనివల్ల పడిపోయే బీపీ నిలబడుతుంది. గదిలోకి వెళ్లేముందు చేయండి. బల్ల మీద కాళ్లు బిగిస్తే పరీక్షకి అడ్డం కాబట్టి అక్కడ పిడికిళ్లు మాత్రమే బిగించండి.

ఆ రోజు

ఖాళీ కడుపుతో వెళ్లకండి. దీనికి పరగడుపు అవసరం లేదు. క్యూలో ఎండకి నిలబడి, తినకుండా వెళ్లినవాళ్లే ఎక్కువగా కళ్లు తిరిగి పడతారు. చీర గానీ, లంగా లాంటిది గానీ, నైటీ గానీ కట్టుకుంటే పైకి జరిపితే చాలు. చుడీదారు అయితే కింది భాగం పూర్తిగా విప్పాలి. మనసుకి ఆ తేడా చిన్నదేం కాదు. ఒక ప్యాడ్, పాత తువ్వాలు, ఆధార్, పాత రిపోర్టులు సంచిలో పెట్టుకోండి. నెలసరి నొప్పికి పారాసెటమాల్ పడేవాళ్లు గంట ముందు 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకోవచ్చు. లివర్ జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వద్దు. పిలిచే ముందు మూత్రానికి వెళ్లి రండి, నిండిన మూత్రసంచి మీద ఒత్తిడి పడితే దాన్నే నొప్పి అనుకుంటారు.

బల్ల మీద, నిమిషం నిమిషం

పడుకునే ముందు, ఇంకా కూర్చునే ఉన్నప్పుడు, రెండు మాటలు చెప్పండి: “నాకు భయం ఎక్కువ, చేసే ముందు ఒక్కోటీ చెప్పి చేయండి. ఆపమంటే ఆపాలి.” పడుకున్నాక ఇవి నోటికి రావు. నోరు పెగలదనుకుంటే కాగితం మీద రాసి ఇవ్వండి. చెయ్యి పైకెత్తితే ఆపాలని వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

తలుపు వైపు కాళ్లు ఉండేలా బల్ల వేసి ఉంటే తెర లాగమనండి, లేకపోతే తువ్వాలు కప్పమనండి. క్యాంపుల్లో దీన్ని ఎక్కువగా మర్చిపోతారు. అడిగితే ఎవరూ కాదనరు, కానీ అడగాలి.

నడుము కిందిభాగం బల్ల అంచు దాకా జరపమంటారు. సిగ్గుతో సగమే జరుగుతారు. అప్పుడు పరికరం పిడి బల్లకి తగిలి, వంకరగా వెళ్లి, నొప్పి పెడుతుంది. అంచు దాకా జరగండి. అలాగే పరికరం తగలగానే పిరుదులు పైకి ఎత్తకండి, వీపు బల్లకి ఆనే ఉండాలి.

పరికరం పేరు స్పెక్యులమ్. బాతు ముక్కులా రెండు రెక్కలుంటాయి, మూసి లోపలికి పెట్టి కొంచెం తెరుస్తారు. చిన్నది, మధ్యరకం, పెద్దది అని సైజులుంటాయి. “చిన్నది వాడండి మేడమ్” అనొచ్చు. స్టీలుదైతే చల్లగా ఉంటుంది, గోరువెచ్చటి నీళ్లలో ముంచమనండి. ప్లాస్టిక్‌దైతే తెరిచేటప్పుడు టిక్కు టిక్కుమంటుంది, అది గడి పడే శబ్దం, ఏదీ విరగలేదు. పెట్టేటప్పుడు ఊపిరి వదులుతూ, మూత్రం పోసేటప్పటిలా కొద్దిగా కిందికి ముక్కండి. చాలామందికి ఈ ఒక్కటే పెద్ద తేడా చూపిస్తుంది. కావాలంటే మొదటి భాగం మీరే పెట్టుకుంటానని అడగొచ్చు, పక్కకి తిరిగి పడుకుని చేయించుకోవడం కూడా కుదురుతుంది. ముఖద్వారం కనబడట్లేదంటే మీ రెండు పిడికిళ్లు నడుము కింద పెట్టుకోండి, లేదా ఒకసారి దగ్గండి.

పాప్ అయితే బ్రష్ తిప్పిన కొద్ది సెకన్లు లోపల గిల్లినట్టు, నెలసరి నొప్పిలా ఉంటుంది. మొత్తం ఒకటి రెండు నిమిషాలు. వీఐఏ అయితే ఆ ఒక్క నిమిషం ఎదురుచూపు వల్ల ఇంకొంచెం. అరవై దాకా పైకి లెక్కపెట్టండి. అయోడిన్ అద్దితే తర్వాత గోధుమరంగు మరక అవుతుంది, దానికే ప్యాడ్. అయోడిన్ పడనివాళ్లు ముందే చెప్పండి. ఆ తర్వాత రెండు వేళ్లతో లోపల చూడటం వేరే పరీక్ష. “ఇది ఎందుకు?” అని అడిగి, ఒప్పుకుంటేనే చేయించుకోండి.

మధ్యలో గుండె దడదడలాడి, ఊపిరి ఆడనట్టుంటే చెయ్యెత్తండి. పరికరం తీసేయడానికి కొన్ని సెకన్లే పడుతుంది. కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, గదిలో కనబడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. మళ్లీ చేయించుకోవాలా, ఇంకోరోజు రావాలా అన్నది మీ ఇష్టం. ఆ రోజుకి ఆపేసి వచ్చేస్తే ఓడిపోయినట్టు కాదు, ఏది కుదరలేదో తెలిసింది కాబట్టి తర్వాతిసారి దాన్ని సరిచేయొచ్చు. ఏడుస్తూ బలవంతంగా పూర్తిచేసినవాళ్లు మళ్లీ ఆ గడప తొక్కరు, మా లెక్కలో అదే పెద్ద నష్టం.

గతంలో హింస ఎదురైనవాళ్లు వివరాలు చెప్పనక్కర్లేదు. “నాకు ముందు ఒక చెడ్డ అనుభవం ఉంది, మెల్లగా చేయండి” అంటే చాలు. ఆ విషయం మీద సాయం కావాలంటే ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181, ఆందోళన ఎక్కువై నిద్ర, తిండి పోతుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

రిపోర్టు దాకా

ఒకటి రెండు రోజులు చుక్కలు చుక్కలుగా రక్తం కనబడొచ్చు. ప్యాడ్ తడిసేంత రక్తం, జ్వరం, పొత్తికడుపులో గట్టి నొప్పి ఉంటే వెంటనే వెళ్లండి. రిపోర్టు ఏ రోజు వస్తుందో గది దాటక ముందే అడిగి రాయించుకోండి. “కబురు రాలేదు, అంటే బాగానే ఉన్నట్టే” అనుకోవడం ప్రమాదం, కాగితం చేతికి రావాలి. ఎదురుచూసే రోజుల్లో దిగులుకి రోజుకి పదిహేను నిమిషాలు, ఒకటే టైము కేటాయించండి. మిగతా వేళల్లో ఆ ఆలోచన వస్తే “సాయంత్రం ఆరుకి చూద్దాం” అని వాయిదా వేయండి. అర్ధరాత్రి ఫోన్‌లో వెతకడం మాత్రం వద్దు.

“నమూనా చాల్లేదు, మళ్లీ రండి” అంటే జబ్బుందని కాదు. కణాలు తక్కువ పడ్డాయనో, రక్తం కలిసిందనో అర్థం. వీఐఏ పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు, ఇన్‌ఫెక్షన్ వాపుకి కూడా తెల్లమచ్చ వస్తుంది. పాప్‌లో ఎల్‌ఎస్‌ఐఎల్ అంటే తేలిక మార్పులు, చాలాసార్లు వాటంతటవే పోతాయి. హెచ్‌ఎస్‌ఐఎల్ అంటే ఆలస్యం చేయకూడని మార్పులు, అదీ క్యాన్సర్ అన్న తీర్పు కాదు. మామూలు రోగనిరోధక శక్తి ఉన్నవాళ్లలో ఈ వైరస్ క్యాన్సర్‌గా మారడానికి 15-20 ఏళ్లు పడుతుంది. పరీక్షకి అర్థం ఉన్నదే ఆ వ్యవధి వల్ల.

హెచ్‌పీవీ పాజిటివ్ వస్తే ఇంట్లో గొడవలవుతాయి. అది కలయిక వల్ల సోకే వైరస్ అన్న సగం మాట విని ఒకరినొకరు అనుమానిస్తారు. మిగతా సగం వినరు. కలయిక జీవితం ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకేదే, ఎక్కువమందికి రెండేళ్లలోపు పోతుంది, ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు. ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. భర్తకి చెప్పాలనుకుంటే డాక్టరు ఎదుటే ఈ మాటలు చెప్పించండి.

తేడా ఉంటే తర్వాతి మెట్టు కాల్పోస్కోపీ, అంటే భూతద్దంతో దగ్గరగా చూడటం. అవసరమైతే చిన్న ముక్క తీస్తారు. మార్పు ఉన్నచోట థర్మల్ అబ్లేషన్ చేయొచ్చు, ఒక్కోసారి 20-40 సెకన్లు వేడి తగిలిస్తారు, నెలసరి నొప్పిలా ఉంటుంది. పెద్ద భాగమైతే లీప్ అని వైరు చుట్టతో ఆ పొర తీసేస్తారు. తర్వాత నాలుగు వారాల దాకా నీళ్లలా మైల అవ్వొచ్చు, అన్నాళ్లూ కలయిక వద్దు. ఏడాదికి మళ్లీ పరీక్ష. విశాఖ వెళ్లమంటే కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. క్యాన్సర్ అని తేలితే చికిత్సకి ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుంది, కార్డు పట్టుకుని ఆసుపత్రిలో ఆ డెస్క్ దగ్గర ముందు అడగండి.

కొందరికి లెక్క వేరు

గర్భిణులకి సాధారణంగా కాన్పయ్యాక కనీసం ఆరు వారాలకి చేస్తారు. గర్భసంచి తీయించుకున్నవాళ్లు డిశ్చార్జి కాగితం చూపించాలి. ముఖద్వారం కూడా తీసేసి, క్యాన్సర్ గానీ దాని ముందు మార్పులు గానీ లేకపోతే పరీక్ష అక్కర్లేదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి 25 ఏళ్ల నుంచే, 3-5 ఏళ్లకోసారి. ముట్లుడిగి పొడిబారినవాళ్లు కొన్ని వారాల ముందే డాక్టర్ని కలిస్తే ఈస్ట్రోజెన్ క్రీము రాస్తారు, అప్పుడు నొప్పి బాగా తగ్గుతుంది. ఎప్పుడూ కలయిక లేనివాళ్లకి ముప్పు చాలా తక్కువ, అవసరమా కాదా డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి.

ఇంటికొచ్చాక ఫైలు అట్ట లోపల నాలుగు విషయాలు రాసిపెట్టండి: ఏ పరీక్ష చేశారు, ఏ సైజు స్పెక్యులమ్ వాడారు, ఎలా పడుకుంటే సులువైంది, మళ్లీ ఏ సంవత్సరం. తర్వాతిసారి ఎవరు చేసినా ఆ అట్ట చూపిస్తే చాలు.